రంగు లేని విత్తనం

నా చిన్న కొడుకు విత్తనానికి రంగు కలపలేదు. చేతులు ఎర్రబడతాయని కలపలేదు. దీని మీద రెండో మాట లేదు.

పెద్దోడు పొలం నుంచి వచ్చేసరికి నేను వరండాలో కూర్చుని ఉన్నాను. పిడికెడు జొన్న మొలకలు వేళ్ళతో సహా పీక్కొచ్చి నా కాళ్ళ ముందు పడేశాడు. మట్టి నా పాదాల మీద చిందింది.

"చూడు నాన్నా. నీ చిన్న కొడుకు పండించిన పంట."

చిన్నోడు తల దువ్వుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు.

"నాకెందుకు అంటగడతావ్? కలుపుమందు కొట్టింది నువ్వు. ఎక్కువ పోసుంటావు."

"కొలిచి పోశాను."

"నువ్వు కూరలో ఉప్పు వేసినా కొలిచే వేశానంటావు. నోట్లో పెట్టుకునేవాళ్ళకి తెలుస్తుంది."

"ఒరేయ్, పొలమంతా ఇలాగే ఉంది. ఈ చివర నుంచి ఆ చివర దాకా. నీకు వేళాకోళంగా ఉందా?"

లోపల్నుంచి కోడలి గొంతు వినిపించింది.

"కాస్త మెల్లగా మాట్లాడుకోండి. పిచ్చుకకి ఇప్పుడే కునుకు పట్టింది."

పిచ్చుక నా మనవరాలు. ఎప్పుడూ ఏదో ఒకటి కిచకిచమంటూ తిరుగుతుందని ఆ పేరు పడింది. నిన్నటి నుంచి కిచకిచలు లేవు. ఏం పెట్టినా వాంతి చేసుకుంటోంది. ఎండ దెబ్బ అన్నారు ఒకరు. కడుపులో చెడింది అన్నారు ఇంకొకరు. ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు చెంచాతో పోస్తున్నాం.

నేను వంగి మొలకలు తీసుకున్నాను. ఒక్కొక్కటీ విప్పి చూశాను. లోపలి ఆకు కొస బయటి ఆకులో ఇరుక్కుపోయి ఉంది. బయటికి రాలేక కొరడాలా మెలిపడింది. కొన్ని మట్టిలోనే ఆకు వేసి, అక్కడే ముడుచుకుపోయాయి. పైకి వచ్చే దారి దొరకని మొలకలు.

ఇది నాకు తెలిసిన జబ్బే. కలుపుమందు గడ్డిని చంపుతుంది. జొన్న కూడా గడ్డి జాతే. ఇది కలుపు, ఇది పంట అని మందుకు తెలియదు. అందుకని విత్తే ముందు గింజకి ఇంకో మందు పట్టిస్తాం. అది పట్టిన గింజ కలుపుమందును తాగినా అరిగించుకుని లేస్తుంది. సీసా మీద దాని పేరు పొడుగ్గా ఉంటుంది. మా ఇంట్లో అడ్డుమందు అంటాం.

"కలుపుమందు ఎక్కువై కాదు," అన్నాను. "ఈ గింజకి అడ్డుమందు పట్టలేదు."

పెద్దోడు తమ్ముడి వైపు తిరిగాడు.

"ఇప్పుడు చెప్పు."

"కలిపాను. డ్రమ్ములో పోసి తిప్పి తిప్పి భుజం వాచింది. ఒట్టు."

"డ్రమ్ము తిప్పావు. లోపల మందు పోశావా, ఉత్త గాలి పోశావా?"

"పోశాననే చెప్తున్నా."

"నీ చేతులు చూపించు," అన్నాను.

వాడు దువ్వెన జేబులో పెట్టుకున్నాడు. చేతులు కూడా దాంతో పాటే పోయాయి.

"చూపించమన్నాను."

చూపించాడు. చేతులు శుభ్రంగా ఉన్నాయి. గోళ్ళు కూడా.

అడ్డుమందుతో పాటు డ్రమ్ములో ఎర్రరంగు పొడి వేస్తాం. మందు గింజ అని తెలియడానికి. ఆ రంగు ఒకసారి పట్టుకుంటే సబ్బుకీ లొంగదు, రాయికీ లొంగదు. పైచర్మం ఊడేదాకా ఉంటుంది. పోయినేడు వాడు ఎర్రచేతులతో తిరుగుతుంటే ఆస్పత్రి నర్సు చూసి, 'ఎవర్ని పొడిచి వచ్చావ్' అందట. ఇంటికొచ్చి మురిసిపోతూ చెప్పాడు. ఆ అమ్మాయితో మాటలు పెరిగేకొద్దీ మురిపెం పోయింది. సిగ్గు వచ్చింది.

"రంగు ఏదిరా?"

"అయిపోయిందన్నాడు నాన్నా," అన్నాడు పెద్దోడు. "విత్తే రోజు నేనూ అడిగాను. రంగు అయిపోయింది, మందు మాత్రం పట్టించాను అన్నాడు. సరేనని విత్తేశాను."

"అయిపోలేదు. అటక మీద ఉంది. మూత సీలు కూడా తీయలేదు. నిన్న పిల్ల కోసం పాత బేసిన్ దించుతుంటే చూశాను."



పెద్దోడు నవ్వాడు. నవ్వులాంటిది. "దొరగారికి ఆ అమ్మాయి ముందు చెయ్యి చాచడానికి సిగ్గు. ఇంటిల్లిపాదీ అడుక్కుతిన్నా ఫర్వాలేదు, చేతులు మాత్రం తెల్లగా ఉండాలి."

"ఆ అమ్మాయి ఊసెత్తొద్దు."

"ఎత్తితే ఏం చేస్తావ్?"

"అన్నయ్యా, రంగుకీ పంటకీ ఏం సంబంధం? రంగు ఊరికే గుర్తు. మందు పట్టిన గింజ ఎర్రగా ఉంటేనేం, మామూలుగా ఉంటేనేం? మొలిచే తీరునే మొలుస్తుంది. నేను మందు పట్టించాను. కావాలంటే నన్ను నరుకు. పట్టించాను."

వాడు అబద్ధం చెప్పినప్పుడు ఎడమ చెవి రుద్దుకుంటాడు. ఇప్పుడు రుద్దుకోలేదు.

అప్పుడు నాకు భయం వేసింది. అప్పటిదాకా వేసింది కోపమే.

వాడు మందు పట్టించిన మాట నిజమైతే, పొలంలో ఉన్నది మందు పట్టని గింజ అయితే, మందు పట్టిన గింజ ఎక్కడుంది?

నేను లేచి సామాన్ల గదిలోకి నడిచాను. వెనక వాళ్ళిద్దరూ ఇంకా మాటా మాటా అనుకుంటూనే ఉన్నారు. నేను తలుపు తీసిన చప్పుడుకి ఆగారు.

మా ఇంట్లో విత్తనం బస్తా గోడ వైపు ఉంటుంది. తిండిగింజ బస్తా తలుపు వైపు ఉంటుంది. రెండూ మా పొలంలో పండినవే, ఒకే కుప్పలోంచి ఎత్తినవే. ఈ పద్ధతి నా భార్య పెట్టింది. ఆమె పోయి నాలుగేళ్ళు. పద్ధతి మాత్రం ఉంది. రంగు వేస్తున్నన్నాళ్ళూ దాని అవసరం కూడా పెద్దగా పడలేదు. ఎర్రగింజను గుడ్డివాడు తప్ప ఎవరూ తిండికి ఎత్తరు.

గోడ వైపు ఖాళీగా ఉంది. తలుపు వైపు ఒక్క బస్తా ఉంది. మూతి విప్పి ఉంది. పైన కొంత తవ్వి తీసినట్టు గుంట పడి ఉంది. గదిలో కలుపుమందు క్యాన్ల వాసన తప్ప ఇంకేదీ ముక్కుకు తెలియదు.

"విత్తడానికి ఏ బస్తా ఎత్తావు?" పెద్దోణ్ణి అడిగాను.

"గోడ వైపుది. ఎప్పుడూ అదేగా."

"నువ్వు మందు పట్టించి ఎటు పెట్టావు?"

"గోడ వైపే," అన్నాడు చిన్నోడు.

గోడ మీద నీటి చార ఉంది. పైన రేకుకి చిల్లు. చిల్లు కింద నేల ఇంకా నల్లగా ఉంది.

"అమ్మాయ్," అని పిలిచాను.

కోడలు చేతిలో చెంచాతోనే వచ్చింది.

"ఈ బస్తాలు నువ్వు కదిపావా?"

"వాన పడ్డ రోజు కదిపాను మామయ్యా. గోడ మీంచి నీళ్ళు కారుతుంటే రెండూ ఈడ్చి నడవలో పెట్టాను. నడుం పట్టేసింది. ఆ రేకు మార్చమని ఈయనకి చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది. వింటేగా."

"ఇప్పుడు రేకు గోల ఎందుకే," అన్నాడు పెద్దోడు.

"మళ్ళీ సర్దేటప్పుడు ఏది ఎటు పెట్టావు?"

"రెండూ జొన్నలే కదా మామయ్యా. ఏదైతే ఏంటి? ఒకదాంట్లోనన్నా ఎర్రగా ఉంటే చూసి పెట్టేదాన్ని. లేదు. మీ చిన్నోడు ఇంకా మందు కలపలేదు కాబోలు అనుకున్నా. అయ్యగారు బద్ధకించాడులే అనుకున్నా."

"ఈ బస్తాలోంచి తీసింది ఎవరు?"

"నేనే. పిచ్చుకకి జావ కోసం. దానికి బరక ఉంటే మింగదు. అందుకని మెత్తగా వేరే ఆడించుకొచ్చాను. మనకి పాత పిండి ఉందిగా."



ఆమె మా ముగ్గురినీ చూసింది. "ఏమైంది? కొత్త బస్తా విప్పకూడదా?"

"కడిగావా?" అన్నాను.

"కడిగితే మరలో ముద్దకడుతుంది మామయ్యా. చెరిగాను. దుమ్ము బాగా లేచింది. పిండిమర అతను కూడా, ఏంటమ్మా మందు వాసన వస్తోంది అన్నాడు. మా ఇంట్లో అన్నీ ఒకే గదిలో పడేస్తార్లే అన్నాను. ఇద్దరం నవ్వుకున్..."

అక్కడ ఆగింది.

తన మాట తనకు వినబడినప్పుడు మనిషి మొహం ఎలా అవుతుందో నేను చూశాను. అరవలేదు. చెంచా అక్కడే వదిలేసి లోపలికి పరుగెత్తింది.

పిల్ల మంచం మీద పక్కకు తిరిగి ఉంది. దిండు తడిసిపోయింది. నోటి చివరి నుంచి చొంగ తీగలా కారుతోంది. ఒళ్ళంతా చెమట. చెంప మీద కండ దానంతట అదే అదురుతోంది. తోలు కింద పురుగు పాకుతున్నట్టు. నిద్రపోయిందని మేము అనుకున్నది నిద్ర కాదు.

"పిచ్చుకా. ఒసేయ్ పిచ్చుకా. అమ్మని చూడు."

కళ్ళు సగం తెరిచింది. ఎవరినీ చూడలేదు.

"ఎప్పటి నుంచి పోస్తున్నావ్ ఆ జావ?" అన్నాడు పెద్దోడు.

"మొన్న పొద్దుటి నుంచి. వాంతి చేసుకుంటోంది, ఒంట్లో ఓపిక ఉండాలని మళ్ళీ పోశాను. తాగనంటుంటే ముక్కు పట్టుకుని పోశాను." ఆమె తన వేళ్ళు చూసుకుంది. "ముక్కు పట్టుకుని పోశానండీ."

"బండి తియ్," అన్నాను పెద్దోడితో.

చిన్నోడు గడప దగ్గరే నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

"అడ్డుమందు అంత ప్రమాదం కాదు నాన్నా. సీసా మీద రాసుంది. కడుపులోకి పోతే ఏదో కాస్త..."

"సీసా తీసుకురా."

వాడు సీసా తేవడానికి అక్కర్లేనంత సేపు పట్టింది. తెచ్చాడు. ఒక్కటే సీసా.

పెద్దోడు బండి మీద భార్యనీ, మధ్యలో పిల్లనీ పెట్టుకుని వెళ్ళాడు. మేమిద్దరం ట్రాక్టరు మీద వెళ్ళాం. వాడు తోలుతుంటే నేను పక్కన చక్రం పైరేకు మీద కూర్చున్నాను. దారిలో మా పొలం వచ్చింది. పచ్చగా ఉండాల్సిన చోట నేల మాత్రమే కనిపించింది. వాడు చూడలేదు. నేను చూశాను. మొలకలు చచ్చిన పొలం ఎదురుగా కనిపిస్తూ ఉంటే, నా బుర్రలో ఒక్క మాటే తిరిగింది. ఆ మొలకలకి పట్టని మందు ఆ పిల్లకి పట్టింది.

వాడు దారిలో రెండుసార్లు నా వైపు తిరిగి ఏదో అన్నాడు. ఇంజను చప్పుడులో వినపడలేదు. ఏంటని నేను అడగలేదు.

ఆస్పత్రి అంటే పొడుగాటి గది. మధ్యలో నీలం కర్టెన్. కర్టెన్‌కి ఇవతల ఒక బల్ల, గోడ పక్కన చేతులు కడుక్కునే తొట్టి. మేము వెళ్ళేసరికి పిల్లను అప్పటికే లోపల మంచం మీద పడుకోబెట్టారు. నర్సు పక్కకు తిప్పి, గుడ్డతో నోరు తుడుస్తోంది. డాక్టరు నాడి పట్టుకుని ఉంది. నడివయసు మనిషి. చూసే చూపు సూటిగా ఉంటుంది.

"ఏం మందు పట్టించిన గింజ?"

చిన్నోడు సీసా ఇచ్చాడు. డాక్టరు కళ్ళద్దాలు పైకి తోసి చదివింది.

"ఇదొక్కటేనా?"

"ఒక్కటే."

నర్సు పిల్ల రెప్ప ఎత్తి టార్చి వేసింది. ఇంకో రెప్ప ఎత్తింది. "మేడం, ఒకసారి చూడండి."

నేనూ చూశాను. కంటిపాప ఆవగింజ కన్నా చిన్నదైపోయింది. నల్లగా ఒక చుక్క.

"ఈ సీసాలోది ఇలా చెయ్యదు," అంది డాక్టరు. "చొంగ, చెమట, ఈ కళ్ళు. ఇది వేరే దాని పని. నేను చూసినదాన్ని బట్టి సూది మొదలుపెడతాను. కానీ ఇంకేం కలిసిందో తెలియకుండా చేస్తే చీకట్లో నడిచినట్టే. ఆ గింజలో ఇంకేముంది?"

చిన్నోడు డాక్టరును చూడలేదు. పిల్లను చూడలేదు. నన్ను చూశాడు.

అప్పుడు నాకు తెలిసిపోయింది.

నాలుగేళ్ళ కిందట నా భార్య పురుగుమందు డబ్బా మూత పంటితో తీసింది. ఏ మూతైనా, ఏ ముడైనా పంటితో తీయడం ఆమెకు అలవాటు. నోట్లోకి పోయింది కొంచెమే. ఉమ్మేశాను, ఏం కాదులే అంది. ఆ సాయంత్రం దాకా వంట కూడా చేసింది. ఆమెను కాటికి తీసుకుపోయి వచ్చాక నేను కొడుకులిద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను. పురుగుమందు నా గడప దాటకూడదు. పంట పురుగుల పాలైతే అవనీ. దాటించినవాడు నా కొడుకు కాడు. ఇద్దరూ సరేనన్నారు.

ఆ మాట ఇప్పుడు వాడి గొంతుకు అడ్డం పడింది. పిల్ల గుర్రుగుర్రుమని ఊపిరి తీస్తోంది. వాడు నన్నే చూస్తున్నాడు.

"చెప్పరా," అందామనుకున్నాను. అనలేదు.

నర్సు టార్చి ఆర్పి వాడి ముందుకు వచ్చి నిలబడింది. నాకు వాడి మొహం కనపడకుండా.

"ఇటు చూడు. మీ నాన్న వైపు కాదు. చేతులు బయటికి తియ్."

తీశాడు.

"ఈసారి ఎర్రగా లేవేంటి?"

"నువ్వు నవ్వుతావని."

ఆమె నవ్వలేదు. "ఇప్పుడు నవ్వడంలేదుగా. చెప్పు. ఏం కలిపావ్?"

"చీమలు," అన్నాడు. "విత్తిన గింజ విత్తినట్టే చీమలు ఎత్తుకుపోతాయని. పక్క పొలం వాళ్ళు అందరూ కలుపుతారు. కొంచెమే కలిపాను."

"ఏం కలిపావని అడిగాను."

వాడు ఒక పురుగుమందు పేరు చెప్పాడు. ఆ పేరు నేను ఇక్కడ రాయను. నా భార్య పంటితో తీసిన డబ్బా మీద ఉన్నది అదే.

డాక్టరు అప్పుడే బీరువా తెరిచింది. పెద్దోడు తమ్ముడి చొక్కా పట్టుకున్నాడు. గుండీ ఊడి తొట్టి కిందకి దొర్లింది.

"అది అమ్మని మింగింది చాలలేదురా నీకు?"

"కొట్టుకునేవాళ్ళు రోడ్డు మీదకి పొండి," అంది డాక్టరు వెనక్కి తిరగకుండా. "నాకు ఇక్కడ చోటు కావాలి. అందరూ బయటికి."

నర్సు కర్టెన్ లాగింది.

బల్ల మీద నేను, కోడలు, పెద్దోడు కూర్చున్నాం. చిన్నోడు బయటి తలుపుకి ఆనుకుని నిలబడ్డాడు. లోపల్నుంచి గాజు సీసాల చప్పుడు, డాక్టరు పొడిపొడి మాటలు. పిల్ల గొంతు లేదు.

"బస్తాలు మార్చింది నేనే," అంది కోడలు.

"రేకు వేయంది నేను," అన్నాడు పెద్దోడు. "రంగు అయిపోయిందంటే ఒకసారి అటక మీద చూసి ఉండాల్సింది."

"మెత్తగా ఆడించాలని నేనే పట్టుబట్టాను."

"ఊరుకో."

తిలాపాపం తలాపిడికెడు అంటారు. వాళ్ళిద్దరూ పిడికిళ్ళు పట్టి కూర్చున్నారు. నేను అలా పంచిపెట్టే మనిషిని కాను. రేకు కారితే బస్తా కదుపుతారు. ఆకలేస్తే జావ కాస్తారు. అవి ఇంట్లో జరిగే పనులు. గింజ ఎర్రగా ఉండి ఉంటే ఆ పనులేవీ విషం అయ్యేవి కావు.

కోడలు చేతి గుడ్డతో మొహం తుడుచుకుంది. మళ్ళీ తుడుచుకుంది. ఫ్యాను తిరుగుతోంది. నాకు చల్లగానే ఉంది.

"ఏడవకు," అన్నాడు పెద్దోడు.

"ఏడవడం లేదండీ. కళ్ళే మసకగా ఉన్నాయి. మీరు దూరంగా ఉన్నట్టున్నారు."

ఆమె నోట్లో ఊరిన నీళ్ళు మింగింది. వెంటనే ఇంకోసారి మింగింది. చేతి గుడ్డ మడత పెట్టబోయింది. వేళ్ళు మాట వినలేదు. గుడ్డ జారి కింద పడింది.



"అమ్మాయ్. పిల్ల వదిలేసిన జావ ఏం చేశావు?"

"తాగాను మామయ్యా."

"ఎంత?"

"అది రెండు గుక్కలు తాగి మూతి తిప్పేసుకుంటుంది. మిగతాది పారబోయడం ఎందుకని." ఆమె నన్ను చూడటానికి కళ్ళు చిట్లించింది. "తల్లులందరూ అంతేగా. పిల్లల గిన్నెలోది ఎవరు పారేస్తారు?"

పెద్దోడికి అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. అర్థమయ్యాక వాడు అరిచిన అరుపుకి నర్సు కర్టెన్ తోసుకుని బయటికి వచ్చింది. కోడలి గడ్డం పట్టుకుని రెప్ప ఎత్తింది.

"నువ్వూనా?" అంది.

"నాకేం కాలేదమ్మా. పిల్లని చూడండి ముందు. నేను ఇక్కడ కూర్చుంటాను."

కూర్చోలేకపోయింది. పెద్దోడు ఎత్తుకుని లోపలికి తీసుకుపోయాడు. ఆమె చెప్పు ఒకటి బల్ల కింద ఉండిపోయింది.

ఆ తర్వాత బల్ల మీద నేనొక్కణ్ణే.

నర్సు ఒకసారి తల బయటపెట్టింది. జుట్టు మొహం మీద పడి ఉంది.

"ఇద్దరికీ సూదులు పడుతున్నాయి. పెద్దాస్పత్రికి కబురు చేశాం, బండి రావాలి. అప్పటిదాకా ఏమీ అడగొద్దు. నాకూ తెలియదు."

"పిల్ల?" అన్నాడు చిన్నోడు తలుపు దగ్గర నుంచి.

ఆమె వాణ్ణి చూసింది. వాడికి జవాబు చెప్పకుండా లోపలికి పోయింది.

వాడు నెమ్మదిగా వచ్చి నా ముందు నేల మీద కూర్చున్నాడు. చిన్నప్పుడు తప్పు చేసి వచ్చినప్పుడు అలాగే కూర్చునేవాడు. అప్పుడు వాళ్ళమ్మ నాకూ వాడికీ మధ్య వచ్చి నిలబడేది. నేను తిట్టాల్సింది తిట్టి ఊరుకునేవాణ్ణి. వాడు కాసేపు ఏడ్చి అన్నం తినేవాడు. అంతటితో అయిపోయేది.

"తిట్టు నాన్నా."

నేను వంగి బల్ల కింద పడి ఉన్న కోడలి చెప్పు తీసి పక్కన పెట్టాను.

"పోనీ కొట్టు. అన్నయ్య చొక్కా పట్టుకున్నాడు. నువ్వు కొట్టు. నువ్వు అలా ఉంటే నాకు భయంగా ఉంది."

"నాకూ భయంగానే ఉంది," అన్నాను.

"నేను కావాలని చేశానా? పంట బాగుండాలనే కదా. గింజ ఒక్కటి కూడా పోకూడదనే కదా. నీకు చెబితే వద్దంటావని చెప్పలేదు. ఇంట్లోకి కూడా తేలేదు నాన్నా. బయట గట్టు మీదే కలిపాను. గడప దాటించలేదు."

"గింజ దాటింది."

 

లోపల ఏదో ఇనుప పళ్ళెం కింద పడింది. ఎవరో గబగబా నడిచారు. "పట్టుకో, గట్టిగా పట్టుకో," అంది డాక్టరు. పెద్దోడు ఎవరినో పిలుస్తున్నాడు. భార్యనో, కూతుర్నో. వాడు పిలిచే పిలుపులో పేరు వినపడలేదు. కర్టెన్ ఊగి ఆగింది. ఒక ఏడుపు మొదలైంది. పిల్లదో తల్లిదో తెలియలేదు. అంతలో అది కూడా ఆగిపోయింది.

చిన్నోడు నా మోకాలు పట్టుకున్నాడు.

"నాన్నా. ఒక్క మాట. మంచిదో చెడ్డదో, ఏదో ఒకటి అను."

"ఆ కర్టెన్ వెనక నుంచి ఏ కబురు వచ్చినా సరే," అన్నాను, "ఈ సంగతి నేను మళ్ళీ మాట్లాడను. నీతో మాట్లాడను. మీ అన్నతో మాట్లాడను. వాళ్ళిద్దరూ లేచి నడిచి ఇంటికి వచ్చినా మాట్లాడను, రాకపోయినా మాట్లాడను. నిన్ను తిట్టను. పోనీలేరా అని కూడా అనను. ఆ రెంటిలో ఏది కావాలన్నా ఇంకెవరి దగ్గరైనా అడుక్కో. నా దగ్గర లేదు."

వాడి చేతులు నా మోకాలి మీద నుంచి తీసి కింద పెట్టాను. కర్టెన్ వైపు తిరిగి కూర్చున్నాను.